యంత్రము గీచిన గీత, మనిషి చేసిన చేవ్రాలు

సంతకమునకు తెలుగులో చేవ్రాలు అని చక్కని మాట ఒకటి ఉన్నది. చేతితో వ్రాసినది అని దాని భావము. దస్తావేజు క్రింద పేరు ఉన్నంత మాత్రమున చాలదు. ఆ పేరును ఆ మనిషియే, తన చేతితోనే వ్రాసి ఉండవలెను. ఒక చేయి ఒకనాడు కదలినది, ఆ కదలిక జాడ కాగితము మీద నిలిచినది, కనుక పైనున్న మాటకు ఆ మనిషి బాధ్యుడు అని లోకము నమ్ముచున్నది. చిత్రముల విషయములోను ఇదే నమ్మకము. పటము మూలను చిత్రకారుని పేరు కనబడినచో, లోపలి గీతలన్నియు ఆయన చేతివే అనుకొందుము.

ఇరువదవ శతాబ్దపు నడిమి కాలములో ఒక శిల్పి ఈ నమ్మకమును గట్టిగా కుదిపి చూచినాడు. ఆయన స్విట్జర్లాండు దేశస్థుడు జాఁ టింగెలీ. పాత ఇనుము, సైకిలు చక్రములు, చిన్న విద్యుత్ మోటార్లు ఆయన సామగ్రి. కదలిక ఆయన విద్య. ఆయన సిరాతో గీచి, క్రింద చేవ్రాలు చేసిన రేఖాచిత్రములు నేడు ఐరోపా, అమెరికా సంగ్రహశాలలలో భద్రముగా ఉన్నవి. వేలములలో చేతులు మారుచున్నవి. అట్టి చిత్రమును చూచిన వారికి ఒక సందేహము కలుగక మానదు. లోకములో నిలకడ అనునది లేదని చాటిన మనిషి, కదలని కాగితము మీద తన పేరు ఎందుకు వ్రాసినట్లు? చిత్రములు గీయు యంత్రములను తానే నిర్మించిన వానికి చేతి గీతతో ఏమి పని? ఈ సందేహమును విచారించుటయే మా ప్రసంగము యొక్క ఉద్దేశము.

చిత్రము మీది గుర్తునకు విలువ కట్టుట క్రొత్త సంగతి కాదు. 16వ శతాబ్దారంభములో జర్మనీ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ తన అచ్చుచిత్రముల మీద, తన పేరులోని రెండు తొలి అక్షరములను ఒకదానిలో ఒకటి కూర్చి గుర్తుగా వేసెడివాడు. ఇటలీలో మార్కాంటోనియో రైమోండి అను చెక్కడపు నిపుణుడు ఆ చిత్రములకు నకళ్ళు తీసి, ఆ గుర్తును కూడ దించినాడు. డ్యూరర్ వెనిస్ ప్రభుత్వమునకు మొరపెట్టుకొనగా, ఇకమీదట ఆ గుర్తును మాత్రము వాడరాదని ఆజ్ఞ అయినదని, ఇటలీ కళాకారుల చరిత్రలు వ్రాసిన వసారి చెప్పినాడు. బొమ్మను దింపుకొన్నను సరే, పేరును మాత్రము దింపరాదని ఆ ఆజ్ఞకు తాత్పర్యము. చేయి లేకుండ గీత పుట్టు రోజు ఒకటి వచ్చునని ఆ కాలమున ఎవరును ఊహించి ఉండరు.

ఆ రోజు వచ్చుటకు ముందు శిల్పమునకు కదలిక రావలసి ఉండెను. 1913లో ఫ్రెంచి కళాకారుడు మార్సెల్ ద్యుషాఁ వంటయింటి ఎత్తు పీట మీద సైకిలు చక్రమును తలక్రిందులుగా బిగించినాడు. 1920 నాటి మాస్కోలో నౌమ్ గాబో ఒక సన్నని ఉక్కు కడ్డీని మోటారుతో కంపింపజేసినాడు. కడ్డీ వేగముగా ఊగునప్పుడు, గాలిలో నిలబడిన అలవంటి ఆకారమొకటి కంటికి కనబడును. మోటారు ఆగినచో కడ్డీ ఒక్కటే మిగులును. 1930 తరువాతి సంవత్సరములలో అమెరికను శిల్పి అలెగ్జాండర్ కాల్డర్ రేకు ముక్కలను తీగలకు వ్రేలాడదీసి, గాలికి కదలు శిల్పములను చేసినాడు. వానికి మొబైల్ అని పేరు పెట్టినది ద్యుషాఁ. ఈ కాల్డర్ 1955లో మన దేశమునకు వచ్చి, అహమ్మదాబాదులో కొన్ని శిల్పములు చేసి వెళ్ళినాడు. వీరందరి మార్గమునకు చలన కళ అని పేరు వచ్చినది.

టింగెలీ 1925 మే 22వ తేదీన ఫ్రిబూర్ పట్టణమున జన్మించి, బాసెల్ నగరమున పెరిగినాడు. బాల్యములో అడవి వాగు వెంట చిన్న చిన్న నీటిచక్రములు కట్టి, వానికి సుత్తులు తగిలించి, ఒక్కొక్కటి ఒక్కొక్క లయతో డబ్బాలను మ్రోగించునట్లు చేసెడివాడనని ఆయన తరువాతి కాలములో చెప్పుకొన్నాడు. పెద్దవాడై దుకాణముల అద్దపు కిటికీలను అలంకరించు పని నేర్చినాడు. ఆ అలంకరణము నాలుగు రోజుల ముచ్చట. పండుగ వెళ్ళగానే ఊడదీయవలసినదే. చేసిన పని శాశ్వతముగా ఉండవలెనను పట్టుదల ఆయనకు లేకపోవుటకు ఈ వృత్తియు కొంత కారణమై ఉండవచ్చునని మాకు తోచుచున్నది. 1952 ప్రాంతమున ఆయన పారిస్ చేరినాడు. రోంసాఁ సందులో ఆయన పనిచోటు. మహాశిల్పి బ్రాంకూసీ కూడ ఆ సందులోనే ఉండెను.

ఆనాటి పారిస్ చిత్రకళలో చేతి వేగమునకు గొప్ప గౌరవము. యుద్ధానంతరము అనేక చిత్రకారులు రూపములను విడిచి, రంగు మచ్చలను, ఉరుకు గీతలను పటము మీద కుమ్మరించుచుండిరి. అట్టి గీతలో చిత్రకారుని ఆంతర్యము తిన్నగా దిగివచ్చునని విమర్శకులు మెచ్చుకొనుచుండిరి. 1956లో జార్జి మాత్యూ అను చిత్రకారుడు సారా బెర్నార్ నాటకశాలలో, ప్రేక్షకుల ఎదుటనే, 12 మీటర్ల పొడవు గల పటమును అరగంట ప్రాంతములో పూర్తిచేసినాడు. పటమంతయు ఒక పెద్ద చేవ్రాలు అయినదన్నమాట. ఇట్టి వాతావరణములో, ఉరుకు గీతలను గీయుటకు చిత్రకారుడే అక్కరలేదని ఎవరైనను చూపినచో కలకలము పుట్టక ఎట్లుండును?

1955 ఏప్రిల్‌లో దెనీజ్ రెనే చిత్రశాలలో చలనము అను పేరుతో ఒక ప్రదర్శనము జరిగినది. ద్యుషాఁ, కాల్డర్, వాసరెలీ, సోటో, అగామ్ మున్నగువారి సరసన టింగెలీ కూడ పాల్గొన్నాడు. చిత్రములు గీయు యంత్రమును ఆయన తొలిసారి చూపినది అక్కడనే. ఆ బీజము 1959లో పెరిగి పెద్దదై, మెటా-మాటిక్ అను యంత్రముల వరుసగా బయటపడినది. మెటా అనునది గ్రీకు మాట. తరువాతిది, ఆవలిది అని దాని అర్థము. యంత్రమే అయినను, యంత్రధర్మమునకు ఆవల నిలిచినది అని ఆ పేరులోని సూచన.

ఆ యంత్రము తీరు చెప్పుట సులభమే. ఇనుప కాళ్ళ మీద ఒక చట్రము. అందులో చిన్న మోటారు, పెద్దవియు చిన్నవియు అయిన చక్రములు, వానిని కలుపు బెల్టులు. ఒక ప్రక్క కాగితమును పట్టి ఉంచు పలక. రెండవ ప్రక్క కలమును పట్టుకొన్న ఇనుప చేయి. మోటారు నడచినప్పుడు చేయి వణకుచు, ఎగురుచు కాగితమును తాకుచుండును. కీళ్ళు వదులుగా ఉండును; బెల్టులు జారుచుండును. మామూలు యంత్రకారునికి ఇవి లోపములు. టింగెలీ వీనిని కోరి కూర్చినాడు. చేసిన పనినే చేయుట యంత్రధర్మము కాగా, ఈ యంత్రము ఒకసారి గీచిన గీతను రెండవసారి గీయదు. ఏ రెండు చిత్రములును ఒక్క తీరున ఉండవు.

1959 జూలైలో పారిస్‌లోని ఐరిస్ క్లేర్ చిత్రశాలలో వీనిని ప్రదర్శించినారు. చూడవచ్చినవారు ఒక బిళ్ళను కొని, యంత్రములో వేసి, కాగితము తగిలించి, తమకు నచ్చిన రంగు కలమును అమర్చి, యంత్రమును నడపి, చాలుననుకొన్నప్పుడు ఆపి, తమ చిత్రమును తాము తీసికొని పోవచ్చును. ద్యుషాఁ వంటివాడు కూడ వచ్చి యంత్రముతో చిత్రము గీయించుకొన్నాడు. చిత్రము చేతికి వచ్చిన పిమ్మట చిక్కు వచ్చినది. దీనిని గీచినదెవరు? యంత్రమును కల్పించిన టింగెలీయా? మీట నొక్కి, రంగు ఎన్నుకొని, ఆపిన సందర్శకుడా? ఎవరి మాటయు వినక తన ఇష్టము వచ్చినట్లు ఊగిన యంత్రమా? అట్టి చిత్రములలో కొన్నింటి మీద టింగెలీ చేవ్రాలు ఉన్నది; కొన్నింటి మీద నడపినవారి పేరు ఉన్నది; ఫలానా సంఖ్య గల యంత్రము సహకారముతో గీచినదని తెలుపు చిత్రములును కలవు. ఈ సందడి నడుమ టింగెలీ మరియొక పని చేసినాడు. తన యంత్రమునకు 1959లోనే పేటెంటు కొరకు దరఖాస్తు పెట్టినాడు. చిత్రము ఎవరిదో తేల్చక విడిచినవాడు, యంత్రము తనదని మాత్రము చట్టము ఎదుట చెప్పుకొన్నాడు.

అదే సంవత్సరము అక్టోబరులో పారిస్‌లో యువ కళాకారుల ద్వైవార్షిక ప్రదర్శనము తొలిసారిగా జరిగినది. అప్పటి సాంస్కృతిక మంత్రి, ప్రసిద్ధ రచయిత ఆంద్రే మాల్రో దానిని ప్రారంభించినాడు. టింగెలీ అక్కడ 17వ మెటా-మాటిక్‌ను నిలిపినాడు. అది మూడు మీటర్లకు పైగా ఎత్తుగలది, పెట్రోలుతో నడచునది. దాని పొగను ఒక పెద్ద బెలూను మ్రింగుచుండెను. కంపు తెలియకుండుటకై పూల పరిమళమును కూడ అది వెదజల్లుచుండెను. కాగితపు చుట్ట విప్పుకొనుచుండగా కలములు గీయుచుండును. గీచిన ముక్క తెగిపడును. పంకా దానిని జనము మీదికి ఎగురగొట్టును. ప్రదర్శనము ముగియు లోపల ఆ యంత్రము సుమారు 40,000 చిత్రములు గీచినదని లెక్క. నేడది స్టాక్‌హోమ్ ఆధునిక కళాసంగ్రహశాలలో ఉన్నది.

ఉరుకు గీతల చిత్రకారులను ఎగతాళి చేయుటకే టింగెలీ ఇదంతయు చేసినాడని ఆనాడు అన్నవారు కలరు. ఎగతాళి లేదనలేము. కాని అంతటితో విషయము ముగిసినదని మేమనుకొనము. ఆ యంత్రములు ఎన్ని చిత్రములు గీచినను, వానికి చేతగాని పని ఒకటి కలదు. అవి తమంత తాము ఆగలేవు. ఇంతవరకు బాగున్నది, ఇంకొక గీత పడినచో చెడును అను తెలివి యంత్రమునకు లేదు. మోటారు తిరిగినంతసేపు చేయి ఊగుచునే ఉండును. కాగితము నల్లబడి చిరిగిపోవుటయు దానికి ఒక్కటే. ఆపునది మనిషి. కాగితమును ఊడదీసి వెలుతురున పట్టి చూచునది మనిషి. చూచి, ఇది ఉండదగినదని ఒప్పుకొని పేరు వ్రాయునది మనిషి. గీత ఎవరిదైనను కావచ్చును. ఇక చాలు అను నిర్ణయము మాత్రము చేవ్రాలు చేసిన వానిది. చేవ్రాలు అనగా గీచితినని చెప్పుకొనుట మాత్రమే కాదు, ఇక్కడ ఆపితిని, దీనికి నేను పూచీ అని చెప్పుట. దస్తావేజు క్రింది చేవ్రాలునకు కూడ అర్థమిదియే గదా. దస్తావేజును వ్రాసినది లేఖకుడు. దానికి కట్టుబడినది చేవ్రాలు చేసినవాడు.

ఈ దృష్టితో చూచినచో టింగెలీ చేతి చిత్రముల విలువ తెలియును. వానిని అర్థము చేసికొనుటకు 1960 మార్చి 17వ తేదీ నాటి సంఘటనము చాల ఉపకరించును. న్యూయార్కు ఆధునిక కళాసంగ్రహశాల తోటలో ఆయన ఒక మహాయంత్రమును నిర్మించినాడు. సైకిలు చక్రములు, పాత పియానో, స్నానపు తొట్టి, మోటార్లు, చెత్తకుప్పలలో ఏరిన ఇనుము అందులోని అంగములు. బెల్ ప్రయోగశాలలలో ఇంజనీరైన బిల్లీ క్లూవర్ ఆయనకు తోడ్పడినాడు. దాని పేరు న్యూయార్కునకు నివాళి. తన్ను తాను నాశనము చేసికొనుటయే ఆ శిల్పము చేయవలసిన పని. ఆ సాయంకాలము ప్రేక్షకుల ఎదుట అది కదలినది, మ్రోగినది, పొగలు క్రక్కినది. కొన్ని భాగములు అనుకొన్నట్లు పనిచేయలేదు. పియానోకు నిప్పంటుకొనగా అగ్నిమాపకులు వచ్చి ఆర్పినారు. 27 నిమిషములలో అంతయు ముగిసినది. మిగిలిన ముక్కలను జనము జ్ఞాపకార్థము ఏరుకొని పోయినారు.

ఆ శిల్పము నేడు లేదు. దాని ముక్క ఒకటి, దాని కొరకు టింగెలీ సిరాతో గీచిన చిత్తు చిత్రము అదే సంగ్రహశాలలో ఉన్నవి. లేని శిల్పమునకు కాగితము సాక్షి అయినది. ఇట్టి చిత్రములు ఇంజనీరు నక్షల వంటివి కావు. కొలతబద్ద పెట్టి గీచిన గీత వానిలో అరుదు. చక్రమును చూపవలసిన చోట కలము గుండ్రముగా ఒకటి రెండు మార్లు కాక పలుమార్లు తిరుగును. ఆ సుడులలో చక్రము తిరుగుచున్నట్లే తోచును. వానిని చూచి యంత్రమును కట్టుట ఎవరికిని సాధ్యము కాదు. ఆ యంత్రము ఎట్లు కదలగోరినదో మాత్రము తెలిసికొనవచ్చును. టింగెలీ మిత్రులకు వ్రాసిన ఉత్తరములు కూడ ఇట్టి బొమ్మలతో, రంగులతో నిండి ఉండును. వానిలో ఎక్కడ వ్రాత ముగిసి ఎక్కడ బొమ్మ మొదలైనదో చెప్పుట కష్టము.

ఇచ్చట సిరా స్వభావమును కూడ గుర్తుంచుకొనవలెను. పెన్సిలు గీతను చెరపవచ్చును. తైలవర్ణము మీద మరియొక పూత పూయవచ్చును. సిరా గీత పడినది పడినట్లే. చేయి ఎక్కడ వేగముగా పోయినదో అక్కడ సన్నగిలును. ఎక్కడ తడబడినదో అక్కడ చిక్కబడును. కనుక సిరా చిత్రము కదలనిదే అయినను, జరిగిపోయిన ఒక కదలికకు పూర్తి లెక్క. గాబో కడ్డీ ఆగినప్పుడు అల మాయమగును. టింగెలీ కలము ఆగిన తరువాతనే గీత మనకు దక్కును. క్రింద ఉన్న చేవ్రాలు ఆ కదలికలోని చివరి భాగము. పైన చక్రములను సుడులు తిప్పిన చేయియే అదే ఊపుతో పేరును కూడ వ్రాసినది.

యంత్రపు గీతకు కర్త ఎవరను ప్రశ్న టింగెలీతో ముగియలేదు. క్లూవర్ పనిచేసిన బెల్ ప్రయోగశాలలలోనే ఎ. మైకేల్ నోల్ అను శాస్త్రజ్ఞుడు 1960 తరువాతి సంవత్సరములలో కంప్యూటరుతో రేఖాచిత్రములు గీయించినాడు. వానిలో ఒకదానికి 1965లో కాపీరైటు కోరగా, యంత్రము గీచినది గనుక కుదరదని అమెరికా ప్రభుత్వ గ్రంథాలయమువారు తొలుత నిరాకరించినారని ఆయనయే చెప్పినాడు. యంత్రమునకు ఆజ్ఞలు వ్రాసినది మనిషియేనని ఆయన వివరించిన మీదట నమోదు జరిగినది. అరువది ఏండ్ల తరువాత, 2025 మార్చిలో, కృత్రిమ మేధ తనంత తాను గీచినదని చెప్పిన ఒక బొమ్మ విషయములో వాషింగ్టను అప్పీలు న్యాయస్థానము, చట్టము దృష్టిలో కర్త మనిషి కావలెనని తీర్పు ఇచ్చినది. నేడు బొమ్మలు గీయు యంత్రములకు ఇనుప చేయి కూడ అక్కరలేదు. రెండు మాటలు చెప్పినచో నిమిషములో బొమ్మ సిద్ధము. 40,000 చిత్రములు నేడు పెద్ద లెక్క కాదు. కనుకనే బిళ్ళ వేసి ఆడించిన ఆ పాత యంత్రము మన కాలమునకు దూరపుది కాదని మేము తలచుచున్నాము. గీయుట తేలికయైన కొలదియు, ఎక్కడ ఆపవలెనో ఎరిగి పూచీ పడువాని అవసరము పెరుగును. పేరు లేని బొమ్మలు వెల్లువగా వచ్చి పడినప్పుడు, నమ్మదగినది ఏదో, కాదగినది ఏదో తెలియక చూచువారు నష్టపోవుదురు.

టింగెలీ తరువాతి జీవితమున పేరును, గౌరవమును పొందినాడు. బాసెల్‌లో కూల్చిన పాత నాటకశాల యంత్రభాగములతో 1977లో ఒక కదలు నీటితోటను నిర్మించినాడు. పారిస్‌లో భార్య నికి ద సాఁ ఫాల్‌తో కలసి 1983లో స్ట్రావిన్‌స్కీ పేర మరియొకటి నిర్మించినాడు. 1991 ఆగస్టు 30వ తేదీన బెర్న్ నగరమున మరణించినాడు. 1996లో బాసెల్ నగరమున, రైన్ నది ఒడ్డున, ఆయన పేర సంగ్రహశాల వెలసినది. అక్కడి యంత్రములు అరగిపోకుండుటకై, మీట నొక్కిన తరువాత కొంతసేపు విశ్రాంతి ఇచ్చిన గాని మరల కదలనీయరు. సందర్శకులు చిత్రములు గీయించుకొనుటకు అసలు మెటా-మాటిక్ బదులు దాని నకలును నిలిపినారు. కదలుటకు పుట్టిన యంత్రములను కాపాడుటకు కదలిక తగ్గింపవలసి వచ్చినది.

కాగితము సంగతి మాత్రము వేరా? మెత్తని మొన కలముల సిరా వెలుతురునకు వెలిసిపోవును. అందుకే సంగ్రహశాలలవారు ఇట్టి చిత్రములను మసక వెలుతురున, కొలది కాలము మాత్రమే బయట ఉంచి, మరల చీకటి పెట్టెలలో దాచెదరు. నిలకడ ఎక్కడను లేదని చాటుటకు టింగెలీ 1959లో 1,50,000 కరపత్రములు అచ్చువేయించినాడు. విమానము నుండి డ్యూసెల్‌డార్ఫ్ నగరము మీద వెదజల్లుటకు అవి ఉద్దేశింపబడినవి. ఆయన చేవ్రాలు చేసిన కాగితము కూడ ఆ మాటకు లోబడియే ఉన్నది. ఇనుము కంటె కొంచెము నెమ్మదిగా, అంతే.

అయినను ఆయన పేరు వ్రాసినాడు. శాశ్వతమని నమ్మి వ్రాసినది కాదు గనుక ఆ పేరు గర్వమునకు గుర్తు కాదని మా అభిప్రాయము. ఇకమీదట ఏ సంగ్రహశాలలోనైనను, ఏ పుస్తకములోనైనను టింగెలీ సిరా చిత్రము పాఠకుల కంట పడినచో, ముందుగా పేరు కొరకు వెదకక, కలము మొదట ఎక్కడ ఆనినదో అక్కడి నుండి గీత వెంట పోయి చూడవలెనని మా మనవి. చక్రములు, సుడులు అన్నియు దాటి, చేయి ఎక్కడ ఆగినదో అక్కడ పేరు దానంతట అదే కనబడును.